ఉడుంపట్టా, ఊరికే ఆనుకుందా? వైద్య పదార్థాల మీద బ్యాక్టీరియా పట్టును ఏ పద్ధతిలో కొలవాలి

పూత వేసిన సిలికోన్ ముక్క ఒకటి, వేయనిది ఒకటి. రెండింటినీ ఒకే బ్యాక్టీరియా ద్రవంలో రెండు గంటలు ముంచి ఉంచి, బయటికి తీసి, మూడుసార్లు కడిగి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద లెక్కపెడతాం. పూత ఉన్నదాని మీద తక్కువ కనిపిస్తాయి. "ఈ పూత మీద బ్యాక్టీరియాకు పట్టు తక్కువ" అని రిపోర్టులో రాస్తాం. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. ఇప్పుడు ఎవరైనా ఆ వాక్యం చూపిస్తే ఒకటే అడుగుతాను: మీరు లెక్కపెట్టింది చివరికి ఎన్ని మిగిలాయో కదా, ఎంత గట్టిగా పట్టుకున్నాయో ఎక్కడ కొలిచారు?

తక్కువ మిగలడానికి కారణాలు చాలా ఉంటాయి. బ్యాక్టీరియా అసలు ఉపరితలం దాకా రాకపోయి ఉండొచ్చు. వచ్చి, ఆనుకుని, వెంటనే వెళ్లిపోయి ఉండొచ్చు. బాగానే అతుక్కుని, మనం కడిగేటప్పుడు ఊడి ఉండొచ్చు. పూతలోంచి ఊరే మందుకు చచ్చి రాలిపోయి ఉండొచ్చు. పళ్లెంలో ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, శరీరంలోకి వెళ్లాక దేని దారి దానిదే. మందు ఊరడం అయిపోయిన రోజున నాలుగో రకం పూత మామూలు ప్లాస్టిక్‌తో సమానమైపోతుంది. మూడో రకం పూత, దాని మీద నుంచి ప్రవాహమే లేని చోట పెడితే, ఎందుకూ కొరగాదు.

ఇంప్లాంట్ పెట్టిన క్షణం నుంచి ఆ ఉపరితలం కోసం శరీర కణాలూ బ్యాక్టీరియా పోటీ పడతాయని ఆంథనీ గ్రిస్టినా 1987లో 'సైన్స్' పత్రికలో రాశాడు. ఆ పోటీలో బ్యాక్టీరియా ముందు చేరి బయోఫిల్మ్, అంటే తన చుట్టూ జిగురు పొర, కట్టిందంటే యాంటీబయాటిక్స్‌తో దాన్ని వదిలించడం చాలా కష్టం, పరికరాన్నే తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. అంచేత మొదటి గంటల్లో పట్టు ఎంత అన్న ప్రశ్న నిజంగా విలువైనదే. దానికి జవాబు చెప్పే పద్ధతుల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎక్కడ మోసం చేస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు బలాల మెట్లు

ఏ పరికరం కొనాలి, ఎవరి ల్యాబ్‌లో సమయం అడగాలి అని ఆలోచించే ముందు ఒక కాగితం మీద బలాల లెక్క వేసుకోవాలి. ఒక మైక్రాన్ వ్యాసం ఉన్న గుండ్రటి బ్యాక్టీరియాను, అంటే దాదాపు ఒక స్టాఫిలోకాకస్‌ను, ఉదాహరణగా తీసుకుందాం.

సెంట్రిఫ్యూజ్‌లో 1,000 జీ దగ్గర, అంటే భూమ్యాకర్షణకు వెయ్యి రెట్లతో, తిప్పితే దాని మీద పడే బలం సుమారు 0.5 పైకోన్యూటన్ (న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు ఒక పైకోన్యూటన్). బ్యాక్టీరియా సాంద్రత నీటి కంటే పది శాతం ఎక్కువనుకుని వేసిన లెక్క ఇది. 10,000 జీకి వెళ్లినా 5 పైకోన్యూటన్లే. పెద్ద జంతుకణాలకు చక్కగా పనిచేసే ఈ పద్ధతి బ్యాక్టీరియాకు వచ్చేసరికి చాలదు. ఉపరితలం మీదుగా ద్రవం 1 పాస్కల్ షియర్‌తో పారితే, అంటే ఆ ఉపరితలాన్ని ఒరుసుకుంటూ పక్కకు ఈడ్చే ఒత్తిడి అంత ఉంటే, అదే బ్యాక్టీరియా మీద పక్కబలం సుమారు 8 పైకోన్యూటన్లు. ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ తెచ్చిన, లేజర్ కాంతితో కణాలను పట్టుకునే ఆప్టికల్ ట్వీజర్స్‌తో దాదాపు 100 పైకోన్యూటన్ల దాకా లాగొచ్చు. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్, మనం ల్యాబ్‌లో పిలిచే ఏఎఫ్‌ఎం, పదుల పైకోన్యూటన్ల నుంచి పదుల నానోన్యూటన్ల దాకా సునాయాసంగా కొలుస్తుంది. ఒక నానోన్యూటన్ అంటే వెయ్యి పైకోన్యూటన్లు. బోలు కాంటిలివర్‌తో, అంటే ఒక చివర మాత్రమే బిగించిన సన్నటి వంగే పుల్లతో, బ్యాక్టీరియాను పీల్చి పట్టుకునే ఫ్లూయిడ్‌ఎఫ్‌ఎం ఇంకా పైకి వెళుతుంది.

ఈ మెట్ల మీద ఎవరూ లెక్కలోకి తీసుకోని మెట్టు ఒకటుంది. ముక్కను ద్రవంలోంచి గాలిలోకి తీసినప్పుడు నీటి అంచు ప్రతి బ్యాక్టీరియా మీదుగా వెళుతుంది. తలతన్యత వల్ల ఆ అంచు లాగే బలం వంద నానోన్యూటన్ల స్థాయిలో ఉంటుంది. 1 పాస్కల్ ప్రవాహం లాగే దానికి ఇది పదివేల రెట్లు పైన. అంటే మనం ఎంతో జాగ్రత్తగా "మెల్లగా కడిగి" తీసిన ముక్క, ఆ ప్రయోగంలో ఎదురైన అన్ని బలాల కంటే పెద్దదాన్ని కడిగి తీసిన ఆ అరక్షణంలోనే చవిచూసింది. దాన్ని మనం కొలవలేదు, అదుపు చేయలేదు, రాసుకోనూ లేదు.

దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ద్రవాన్ని పారిస్తూ బ్యాక్టీరియాను చూసే ఫ్లో చాంబర్ మొదలుపెట్టిన కొత్తలో ఒక పూత మీద గంట గడిచాక బ్యాక్టీరియా ఒక్కసారిగా సగానికి పైగా మాయమైంది. పూత పనిచేస్తోందని ఎంతో సంబరపడ్డాను. వీడియో మళ్లీ మళ్లీ చూస్తుంటే, మాయమైన చోటు ఒక చారలా ఉంది, చార అంచులు గీత గీసినట్టున్నాయి. గొట్టంలోంచి వచ్చిన చిన్న గాలి బుడగ ఆ దారిన వెళ్లింది. ఆ వారాల కొలతలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి చాంబర్‌కు ముందు బుడగలు ఆపే చిన్న పాత్ర పెట్టకుండా, ద్రవంలోని గాలిని తీసేయకుండా ఒక్క కొలతా తీసుకోలేదు.

పళ్లెం పద్ధతులు: వడపోతకు మంచివి, పట్టుకు కావు

96 గుంటల పళ్లెంలో పెంచి, కడిగి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి, ఆ రంగును కరిగించి చదివే పద్ధతి 1985లో స్టాఫిలోకాకస్‌ల మీద వచ్చిన పరిశోధనతో బాగా ప్రచారంలోకి వచ్చింది. చవక, వేగం, ఒకేసారి డజన్ల నమూనాలు. ఇరవై పూతల్లోంచి నాలుగింటిని ఏరుకోవాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. ఆ రంగు బతికినదానికీ, చచ్చినదానికీ, చుట్టూ ఉన్న జిగురుకూ, కొన్నిసార్లు పూతకు కూడా అంటుకుంటుంది. ఖాళీ పూతను కూడా అదే రంగులో ముంచి చూడకపోతే ఫలితం చెల్లదు.

పళ్లెంలో ఇంకో సంగతి ఉంది. కదలని ద్రవంలో మన ఉదాహరణ బ్యాక్టీరియా బరువుకు కిందికి దిగుతూనే ఉంటుంది, గంటకు సుమారు పావు మిల్లీమీటరు. కాబట్టి గుంట అడుగున చేరినవాటిలో చాలా భాగం ఇష్టపడి వచ్చినవి కావు, కిందపడ్డవి. అదే ముక్కను నిలువుగా నిలబెట్టినా, బోర్లించి పెట్టినా లెక్క మారుతుంది. మీ పరికరం శరీరంలో ఏ దిక్కుకు ఉంటుందో ఒకసారి ఆలోచించి పెట్టండి.

కాలనీల లెక్కకు ఉన్న చిక్కు వేరు. ముక్కను సానికేషన్ చేసి, అంటే అల్ట్రాసౌండ్‌తో కుదిపి, ఊడినవాటిని అగార్ మీద పెంచి లెక్కపెడతాం. తీసేసిన మోకాలి, తుంటి ఇంప్లాంట్లలో ఇన్‌ఫెక్షన్ పట్టుకోవడానికి సానికేషన్ ఎంత పనికొస్తుందో 2007 నాటి పరిశోధనలు చూపించాయి. రోగ నిర్ధారణకు అది గొప్ప సాధనం. పట్టును పోల్చేటప్పుడు మాత్రం ఇదే తిరగబడుతుంది. బ్యాక్టీరియా ఉడుంపట్టు పట్టిన ఉపరితలం మీద సానికేషన్‌కు కూడా కొన్ని ఊడవు. ఊడనివి లెక్కలోకి రావు. అంటే అన్నిటికంటే గట్టి పట్టు ఇచ్చే ఉపరితలమే అన్నిటికంటే శుభ్రంగా కనబడే ప్రమాదం ఉంది. సానికేషన్ తర్వాత ముక్కకు మళ్లీ రంగు వేసి ఎన్ని మిగిలాయో చూడటం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు వెచ్చించని లెక్కను నేను నమ్మను.

ఐఎస్‌ఓ 22196 ప్రకారం పరీక్ష చేశాం కాబట్టి మా పూత మీద బ్యాక్టీరియా అంటుకోదు అనేవాళ్లు కూడా కనిపిస్తారు. ఆ ప్రమాణం ప్లాస్టిక్ మీద బ్యాక్టీరియా ఎన్ని బతికాయో చెబుతుంది. అంటుకోవడం గురించి అందులో ఒక్క కొలతా లేదు.

ఫ్లో చాంబర్: సందేహం ఉంటే ఇదే

రెండు సమాంతర పలకల మధ్య సన్నటి సందు. ఒక పలక స్థానంలో మీ పదార్థం. సందులోంచి బ్యాక్టీరియా ద్రవం లెక్క ప్రకారం పారుతుంది, మీరు మైక్రోస్కోప్‌లో చూస్తూ ఉంటారు. ఎన్ని వచ్చి తాకుతున్నాయి, ఎన్ని నిలుస్తున్నాయి, ఎన్ని జారుతున్నాయి, ఎన్ని వెళ్లిపోతున్నాయి అన్నవి నాలుగు వేర్వేరు అంకెలుగా వస్తాయి. మొదట్లో చెప్పిన చిక్కుముడిని విప్పేది ఇదే. తర్వాత శుభ్రమైన ద్రవం పంపుతూ ప్రవాహాన్ని మెట్లు మెట్లుగా పెంచి, సగం ఊడిపోయే షియర్ ఎంతో చూస్తే, దాన్ని పట్టుకు కొలతగా ధైర్యంగా చెప్పొచ్చు.

లెక్క కష్టమేమీ కాదు. ద్రవం చిక్కదనాన్ని ప్రవాహంతో గుణించి, ఆరుతో గుణించి, సందు వెడల్పుతోనూ ఎత్తు వర్గంతోనూ భాగిస్తే గోడ దగ్గరి షియర్ వస్తుంది. వెడల్పు 10 మి.మీ., ఎత్తు 0.25 మి.మీ., 37 డిగ్రీల నీరు, నిమిషానికి 1 మి.లీ. ప్రవాహం అనుకుంటే సుమారు 0.11 పాస్కల్. మనిషి సిరల్లో ఉండేది 0.1 నుంచి 0.6 పాస్కల్, ధమనుల్లో 1 నుంచి 7 పాస్కల్. అంటే మామూలు సిరింజి పంపుతోనే సిరలో ఉండే పరిస్థితిని బల్ల మీద తేవచ్చు. సిరలో పెట్టే క్యాథెటర్ పదార్థాన్ని పరీక్షించేవాళ్లకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

ఎత్తు వర్గంతో భాగిస్తున్నాం గనక అందులో చిన్న పొరపాటు పెద్దదవుతుంది. మధ్యలో పెట్టే రబ్బరు గాస్కెట్ మరలు బిగించేసరికి పది శాతం నొక్కుకుపోయిందంటే షియర్ ఇరవై శాతానికి పైగా పెరిగిపోతుంది. గాస్కెట్ మందం డబ్బా మీద చూసి రాసుకోవద్దు. బిగించాక, మైక్రోస్కోప్ ఫోకస్‌ను కింది పలక నుంచి పై పలకకు తిప్పి నిజమైన ఎత్తు కొలవండి. ద్రవం లోపలికి వచ్చే చోటూ పక్క గోడల దగ్గరా ఈ సూత్రం వర్తించదు, మధ్యలోనే చూడాలి.

దీని పరిమితులు రెండు. మొదటిది, టైటానియం, స్టీలు లాంటి కాంతి చొరబడని పదార్థాలు. మెరిసే ఫ్లోరసెంట్ బ్యాక్టీరియాను వాడి, పారదర్శకమైన పలక వైపు నుంచి, పైనుంచి కాంతి వేసే మైక్రోస్కోప్‌తో చూస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. రెండోది తీరేది కాదు: బలం చాలదు. ఒక నానోన్యూటన్ పక్కబలం కావాలంటే 125 పాస్కల్ షియర్ కావాలి. మనం చెప్పుకున్న చాంబర్‌లో అందుకు నిమిషానికి లీటరుకు పైగా నీరు పంపాలి. అప్పటికి ప్రవాహం పొరలు పొరలుగా సాగడం మానేసి సుడులు తిరుగుతుంది, సూత్రమే చెల్లదు. గట్టిగా పట్టిన బ్యాక్టీరియా ముందు ఫ్లో చాంబర్ "ఇంతకంటే ఎక్కువ" అని మాత్రమే చెప్పగలదు.

అలాంటప్పుడు తిరిగే పళ్లెం పద్ధతి ఆదుకుంటుంది. బ్యాక్టీరియా అంటుకున్న గుండ్రటి బిళ్లను ద్రవంలో వేగంగా తిప్పుతారు. షియర్ మధ్యలో సున్నా, అంచుకు వెళ్లేకొద్దీ దూరానికి తగ్గట్టు పెరుగుతుంది. ఒక్క బిళ్ల మీదే తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని షియర్లూ దొరుకుతాయి. మధ్య నుంచి అంచుకు లెక్కపెట్టుకుంటూ పోతే సగం ఊడిన చోటు తెలుస్తుంది. తర్వాత రంగు వేసి చూసేదే గనక బిళ్ల పారదర్శకమా కాదా అన్న బెంగ లేదు. టైటానియం మిశ్రలోహాల మీద పనిచేసేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. రంగు వేసేటప్పుడు కూడా బిళ్లను ద్రవంలోంచి పైకి తీయకుండా, పాత ద్రవాన్ని కొత్తదానితో మెల్లగా మార్చాలి. లేకపోతే నీటి అంచు వచ్చి అంతా తుడిచిపెట్టేస్తుంది.

ఏఎఫ్‌ఎం: ఎందుకు పట్టుకుందో తెలియాలంటే

1986లో పుట్టిన ఏఎఫ్‌ఎంను బ్యాక్టీరియా మీదికి తెచ్చినప్పుడు పని ఇలా జరుగుతుంది. మొన లేని మెత్తటి కాంటిలివర్ చివర, పాలీడోపమైన్ లాంటి జిగురుతో, బతికున్న ఒక్క బ్యాక్టీరియాను అతికిస్తారు. దాన్ని పదార్థం మీదికి దించి, లెక్కగా నొక్కి, కొంతసేపు ఆపి, వెనక్కి లాగుతారు. కాంటిలివర్ ఎంత వంగిందో చూస్తే బలం తెలుస్తుంది. ఒకేసారి తెగిందా, మెట్లు మెట్లుగా తెగిందా, తెగే ముందు ఎంత సాగింది అన్నవన్నీ దూరంతో బలం ఎలా మారిందో చూపే గీతలో కనిపిస్తాయి.

ఈ పద్ధతి ఇచ్చిన జ్ఞానం చిన్నది కాదు. స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ చర్మం మీద మామూలుగా బతికే జీవి. అది ఇంప్లాంట్ మీద చేరిన ఫైబ్రినోజెన్ అనే రక్త ప్రొటీన్‌ను ఎస్‌డీఆర్‌జీ అనే ప్రొటీన్‌తో పట్టుకుంటుంది. ఆ ఒక్క బంధం తెగడానికి 2 నానోన్యూటన్ల పైన బలం కావాలని 2018లో కొలిచారు. అది రసాయన సంయోజనీయ బంధాల స్థాయి బలం. ల్యాబ్‌ల్లో గట్టిదనానికి కొలబద్దగా వాడే బయోటిన్–స్ట్రెప్టావిడిన్ జత మామూలుగా కొన్ని వందల పైకోన్యూటన్లకే తెగుతుంది. ఈ సంగతి తెలిశాక, ఫైబ్రినోజెన్ పొర లేని శుభ్రమైన ప్లాస్టిక్ మీద ఈ బ్యాక్టీరియాను పరీక్షించడం ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది.

అయినా ఏఎఫ్‌ఎం అంకెను ఒంటరిగా పట్టుకుని తిరగకూడదు. బంధం తెగే బలం లాగే వేగాన్ని బట్టి మారుతుంది. వేగంగా లాగితే ఎక్కువ, నెమ్మదిగా లాగితే తక్కువ. ఎంత నొక్కారు, ఎంతసేపు ఆపారు అన్నవాటిని బట్టీ మారుతుంది. ఆనుకున్న మొదటి సెకన్ల నుంచి నిమిషాల దాకా పట్టు బిగుస్తూ పోతుంది కదా. కాంటిలివర్ స్ప్రింగ్ విలువను ప్రతి ప్రోబ్‌కూ విడిగా, దాని ఉష్ణ కంపనాల నుంచి కొలుచుకోవాలి. కంపెనీ కాగితం మీది విలువ పనికిరాదు. వీటిలో ఏది రాయకపోయినా "3.2 నానోన్యూటన్లు" అన్న మాటకు అర్థం లేదు. రెండు వేర్వేరు ల్యాబ్‌ల ఏఎఫ్‌ఎం అంకెలను పక్కపక్కన పెట్టి ఈ పదార్థం మంచిది, అది కాదు అని తేల్చడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అతికించిన బ్యాక్టీరియా బతికుందో లేదో, బతికినదాన్నీ చచ్చినదాన్నీ వేరుగా చూపే జీవ–మృత రంగుతో మొదటా చివరా చూడాలి. గ్లుటరాల్డిహైడ్‌తో అతికిస్తే పని సులువే, కానీ అది ప్రొటీన్లను ముడిపెట్టి జీవిని చంపుతుంది. అప్పుడు మీరు కొలిచేది శవం పట్టు. టైటానియం లాంటివాటి కింద నుంచి చూడలేం గనక, పక్కనే గాజు ముక్క పెట్టుకుని బ్యాక్టీరియాను దాని మీద ఎక్కించి, సరిచూసి, తర్వాత లోహం మీదికి జరగడం మంచి అలవాటు. గరుకు ఉపరితలం మీద మిట్ట మీద ఆనినప్పుడు ఒక విలువ, పల్లంలో దిగినప్పుడు దానికి ఎన్నో రెట్లు వస్తాయి. ఒక చోట వంద గీతలు తీయడం కంటే పది చోట్ల పది తీయడం మేలు. ఒకే బ్యాక్టీరియాతో తీసిన వెయ్యి గీతలు గణాంకంలో ఒక్క బ్యాక్టీరియానే, వెయ్యి కావు.

సెకన్ల తాకిడి కాకుండా గంటల తరబడి సహజంగా అంటుకున్నదాన్ని పీకి చూడాలంటే ఫ్లూయిడ్‌ఎఫ్‌ఎం ఉంది. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2009లో దాన్ని ప్రకటించారు. అప్పటికే ఉపరితలం మీద స్థిరపడిన కణాన్ని కాంటిలివర్ రంధ్రంతో పీల్చి పట్టి లాగుతుంది. ఈస్ట్‌కూ జంతుకణాలకూ హాయిగా సాగే ఈ పని బ్యాక్టీరియాతో కొంచెం కష్టం. రంధ్రం బ్యాక్టీరియా కంటే చిన్నదై ఉండాలి, అంత చిన్న రంధ్రం పీల్పు పట్టు కంటే బ్యాక్టీరియా పట్టే ఎక్కువైతే చేతికి ఏమీ రాదు. మైక్రోపిపెట్‌తో ఇలాంటి ప్రయత్నమే చేసిన 2006 నాటి కొలత ఒకటి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే: మంచినీటిలో బతికే కాలోబాక్టర్ క్రెసెంటస్ తన జిగురు కాడతో పట్టుకుంటే ఊడదీయడానికి మైక్రోన్యూటన్ల బలం పట్టింది. అది వైద్య బ్యాక్టీరియా కాదు, కానీ ఒక మైక్రాన్ ప్రాణి ఎంత దూరం వెళ్లగలదో చూపుతుంది.

ఆప్టికల్ ట్వీజర్స్ గురించి ఎక్కువ చెప్పను. బ్యాక్టీరియా ఒంటి మీద ఉండే పిలై అనే సన్నటి తీగలు ఒక్కొక్కటీ ఎంత లాగుతాయో చూడటానికి అది అద్భుతం. పదార్థాలను పోల్చే పనికి దాని బలం చాలదు, పైగా పారదర్శకత కావాలి. కంపించే స్ఫటికం ఫ్రీక్వెన్సీ మార్పుతో బరువు చూపే క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్ కూడా అంతే: అంటుకునే క్రమాన్ని క్షణక్షణం చూపిస్తుంది, కానీ బ్యాక్టీరియా ఉపరితలాన్ని సన్నటి కాళ్లతో తాకి నిలబడితే బరువు పెరిగినా ఫ్రీక్వెన్సీ తగ్గాల్సింది పోయి పెరగొచ్చు. దాని గీతను బరువుగా చదివేసి మోసపోవద్దు.

రెండు అంకెలు ఎందుకు కలవవు

ఒకే బ్యాక్టీరియా, ఒకే పదార్థం. ఏఎఫ్‌ఎం నానోన్యూటన్లు అంటుంది. ఫ్లో చాంబర్‌లో కొన్ని పైకోన్యూటన్లకే కొన్ని కొట్టుకుపోతాయి. వందల రెట్ల తేడా. ఎవరో ఒకరు తప్పు కొలిచారని కొత్తవాళ్లు కంగారు పడతారు.

ఇద్దరూ సరిగ్గానే కొలిచారు. గోడకు అతికించిన కాగితాన్ని నడిమధ్యలో పట్టి నిటారుగా లాగడం వేరు, అంచు లేపి ఒలవడం వేరు. ఏఎఫ్‌ఎం నిటారుగా లాగుతుంది, బంధాలన్నీ ఒకేసారి బరువు పంచుకుంటాయి. ప్రవాహం పక్కనుంచి తోసి దొర్లిస్తుంది. వెనకవైపు బంధాల మీదే బరువంతా పడి ఒక్కొక్కటిగా తెగుతాయి. ఇంకోటి, ఏఎఫ్‌ఎంలో మనం బలవంతంగా నొక్కి ఆనిస్తాం. ప్రవాహంలో వచ్చింది తనంతట తాను మెల్లగా ఆనుతుంది. పైగా ప్రవాహంలో కొట్టుకుపోయేవి ఎక్కువగా అప్పుడే వచ్చినవి, ఇంకా బిగుసుకోనివి. అంటుకోకుండా ఆపడానికి చాలే షియర్, అంటుకుని కుదురుకున్నదాన్ని ఊడదీయడానికి అస్సలు చాలదు. ఈ రెంటినీ ఒకే అంకెగా రాయకూడదు.

పిలై మొనన ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ ఉన్న ఇ. కోలై దగ్గర వ్యవహారం ఇంకా తలకిందులు. అది మానోజ్ చక్కెరను పట్టుకుంటుంది, షియర్ పెరిగేకొద్దీ పట్టు బిగిస్తుంది. నెమ్మది ప్రవాహంలో దొర్లుతూ పోయేది వేగం పెరిగాక కదలకుండా నిలబడుతుందని 2002లో చూపించారు. మూత్ర క్యాథెటర్ల ఇన్‌ఫెక్షన్లలో ముందుండేది ఈ జీవే. కాబట్టి దాన్ని ఒకే ప్రవాహ వేగంలో పరీక్షించి, "ఇంతకంటే ఎక్కువ వేగంలో ఇంకా తేలిగ్గా ఊడుతుంది" అని ఊహించి రాయడం ప్రమాదం. కనీసం మూడు వేగాల్లో చూడండి.

పైపొరను మరిచిపోతే అంతా వృథా

శరీరంలో బ్యాక్టీరియా తాకేది మీ పదార్థాన్ని కాదు. పరికరం రక్తానికో మూత్రానికో లాలాజలానికో తగిలిన కొన్ని క్షణాల్లోనే ప్రొటీన్లు దాని మీద పొరగా చేరతాయి. అల్బుమిన్ చేరితే సాధారణంగా పట్టు తగ్గుతుంది, ఫైబ్రినోజెన్ చేరితే స్టాఫిలోకాకస్ ఆరియస్‌కు పండగే. ఉప్పునీటి బఫర్‌లో గెలిచిన పూత ప్లాస్మాలో ఓడిపోవడం మామూలు విషయం. మీకు సమయం ఒక్క ప్రయోగానికే ఉంటే, ఖరీదైన పరికరంతో బఫర్‌లో చేయడం కంటే సాదా ఫ్లో చాంబర్‌లో ప్లాస్మా పొర మీద చేయండి. ఈ మాట మీద నాకు ఎలాంటి సందేహమూ లేదు.

ఎవరికి ఏది

చేతిలో పది, ఇరవై పూతలున్నాయా? పళ్లెం పద్ధతితో మొదలుపెట్టి, ద్రవాన్ని మార్చేటప్పుడు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయకుండా మూడు నాలుగింటికి తగ్గించుకోండి. వాటిని ఫ్లో చాంబర్‌కు తీసుకెళ్లండి. పళ్లెం దగ్గరే ఆగిపోయి "పట్టు" అన్న మాట వాడకండి. "మిగిలినవి" అని రాయండి, తప్పేమీ లేదు.

రక్తనాళంలో ఉండే పరికరమైతే ఫ్లో చాంబరే, పైన చెప్పిన సిర, ధమని షియర్లలో. ఎముకలో ఉండే ఇంప్లాంట్ అయితే అక్కడ ప్రవాహం దాదాపు ఉండదు, కాబట్టి ఫ్లో చాంబర్‌లో గెలిచినా ఆ గెలుపుకు అర్థం తక్కువ. నిజమైన గరుకుతనం ఉన్న బిళ్లల మీద తిరిగే పళ్లెం, దానికి తోడు ఏఎఫ్‌ఎం చూడండి. ఏ ప్రొటీన్ వల్ల, ఏ పిలై వల్ల పట్టు వస్తోందో తెలుసుకోవాలంటే ఏఎఫ్‌ఎమే మొదటి దారి. ఆ ప్రొటీన్ లేని మ్యూటెంట్‌ను పక్కన పెట్టుకోకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

ముదిరిన బయోఫిల్మ్ అంటే కథే వేరు. ఒక్క బ్యాక్టీరియా పట్టు అక్కడ లెక్కలోది కాదు, జిగురు పొర మొత్తం ఎలా ఊడుతుందన్నది ప్రశ్న. పెంచడానికి ఏఎస్‌టీఎం ఇ2562లో చెప్పిన సీడీసీ బయోఫిల్మ్ రియాక్టర్ లాంటిది వాడితే ప్రతిసారీ ఒకేరకం బయోఫిల్మ్ వస్తుంది. ఊడదీయడానికి లేజర్ స్పాలేషన్ ఉంది: ముక్క వెనకవైపు లేజర్ పల్స్‌తో కొడితే లోపల పుట్టిన ఒత్తిడి తరంగం ముందు ఉపరితలం దగ్గర తిరగబడి పొరను ఎగదన్నుతుంది. ఏ స్థాయి దగ్గర పొర లేచిందో చూస్తే ఆ అతుకు బలం తెలుస్తుంది. పొర మధ్యలో చీలిందా, అడుగు నుంచి లేచిందా అన్నది మాత్రం ప్రతి ముక్క మీదా మైక్రోస్కోప్‌తో తేల్చుకోవాలి. మధ్యలో చీలితే మీరు కొలిచింది జిగురు గట్టితనం, పదార్థం మీది పట్టు కాదు.

డబ్బు, పరికరాలు రెండూ లేనివాళ్లు అధైర్యపడనక్కర్లేదు. రెండు గాజు పలకలు, కొలిచిన మందం ఉన్న గాస్కెట్, సిరింజి పంపు, బుడగల పాత్ర, మామూలు ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్, ఒక కెమెరా చాలు. వీటితో తీసిన నిజాయితీగల షియర్ అంకె, ఎలా తీశారో చెప్పని ఏఎఫ్‌ఎం అంకె కంటే విలువైనది.

మొదటి వారం పూతల జోలికి వెళ్లకండి. శుభ్రం చేసిన గాజు మీద, ఒకే బ్యాక్టీరియాతో, ఒకే దశలో పెంచి, రెండు వేర్వేరు రోజులు మొత్తం ప్రయోగం చేయండి. ద్రవం, ఉష్ణోగ్రత, షియర్, ఆనుకోనిచ్చిన సమయం, పెంపకం గంటలు అన్నీ రాసుకోండి. ఆ రెండు రోజుల అంకెల మధ్య తేడా, మీ పూతల మధ్య మీరు ఆశిస్తున్న తేడా కంటే ఎక్కువగా వస్తే, పూతల పెట్టెను ఇంకా తెరవొద్దు. ముందు గాస్కెట్ కొలిచి, గొట్టాల్లో బుడగ ఎక్కడ పుడుతోందో వెతకండి.